ఒకే ఆపరేషన్‌కు ఎన్ని రేట్లు?



రైలు టికెట్టు ధర అందరికీ తెలిసేలా ఉంటుంది. ఒకే బండి, ఒకే తరగతి అయితే కూలివాడికైనా కలెక్టరుకైనా అదే ధర. ఆసుపత్రిలో అలా కాదు. అదే ఆపరేషన్, అదే డాక్టరు, అదే థియేటరు. ప్రభుత్వ కార్డుతో పోతే ఒక రేటు. మా రైల్వే పింఛనుదారులను పంపిస్తే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం రేటు. ఇన్సూరెన్సు కంపెనీతో ఒప్పందం ఉంటే ఇంకో రేటు. ఏమీ లేకుండా నగదు పట్టుకొని పోయినవాడికి ఆసుపత్రి చెప్పిందే రేటు. నగలు కుదువ పెట్టేదీ, మామిడితోట అమ్మేదీ ఈ చివరివాడే. మన కారిమంగళం చుట్టుపక్కల అలాంటి కుటుంబాలు మనందరికీ తెలుసు.

ఈ తేడా ఒక్కరోజులో రాలేదు. మొదట రేటు కట్టింది ఉద్యోగుల కోసమే. ఫ్యాక్టరీ కార్మికులకు 1948లో ఇ.ఎస్.ఐ. చట్టం, కేంద్ర ఉద్యోగులకు 1954లో ఢిల్లీలో ఆరోగ్య పథకం. 1986లో నాలుగు ప్రభుత్వ బీమా కంపెనీలు మెడిక్లెయిమ్ తెచ్చాయి. వాటిలో యునైటెడ్ ఇండియా మన చెన్నైదే. కానీ అది ప్రీమియం కట్టగలిగినవాళ్ళకు. పొలం చేసుకునేవాడికి, మగ్గం నేసేవాడికి, కూలికి పోయేవాడికి ఏమీ లేదు.

వాళ్ళ దాకా వచ్చిన మార్పు తెలుగు నేల మీద నుంచి వచ్చింది. గుండె ఆపరేషన్‌కు డబ్బు కావాలని ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీలు గుట్టలుగా పడుతుంటే, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. అందులో అసలు సంగతి ఉచితం అన్న మాట కాదు, ప్యాకేజీ అన్న మాట. పడక, మందులు, పరీక్షలు, సర్జన్ ఫీజు, భోజనం, ఇంటికి తిరిగివెళ్ళే చార్జీ అన్నీ కలిపి ఒకే రేటు ముందే కట్టారు. ఒప్పుకున్న ఆసుపత్రి ఆ జబ్బుకు రోగి దగ్గర రూపాయి తీసుకోకూడదు.

అక్కడ బీమా బాధ్యత తీసుకున్నది చెన్నైలో పుట్టిన స్టార్ హెల్త్ కంపెనీ. రెండేళ్ళకు, 2009 జూలైలో, కరుణానిధి ప్రభుత్వం ఇక్కడ కలైంజర్ కాప్పీట్టు తిట్టం తెచ్చినప్పుడూ అదే కంపెనీ. (తమిళంలో తిట్టం అంటే పథకం. మన ఇళ్ళలో ముసలివాళ్ళకు అది 'మేం తిట్టం' అన్నట్టు వినపడేది!) కుటుంబానికి నాలుగేళ్ళకు కలిపి లక్ష రూపాయలు. 2012 జనవరిలో జయలలిత ప్రభుత్వం పేరు మార్చి, ఏడాదికి లక్ష చేసింది. 2018లో కేంద్ర పథకంతో కలిశాక 5 లక్షలు. పేర్లు మారాయి, పార్టీలు మారాయి, ప్యాకేజీ మాత్రం నిలిచింది. మనవాళ్ళు అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చుకున్నది భాష ఒక్కటే కాదని మేము గర్వంగానే చెప్పుకుంటాం.

కార్డు లేనివాడి సంగతి వేరు. తమిళనాడు 1997లోనే ప్రైవేటు ఆసుపత్రుల చట్టం చేసింది. నియమాలు వచ్చేసరికి 2018. ఇరవై ఒక్క ఏళ్ళు! అవి కూడా రిజిస్ట్రేషన్, సౌకర్యాల గురించే తప్ప ఆపరేషన్ రేటుకు గట్టు కట్టలేదు. ఆసుపత్రుల రేట్ల విషయమై 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని గట్టిగా నిలదీసింది. కొన్ని వస్తువులకు మాత్రం గట్టు ఉంది. మందు మీద అచ్చువేసిన ధర దాటకూడదు. గుండెకు వేసే స్టెంటు ముందు లక్ష దాటేది. 2017 ఫిబ్రవరిలో మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలని ప్రభుత్వం పరిమితి పెట్టింది, తరువాత సవరిస్తూ వస్తోంది. బిల్లులో స్టెంటు ధరను, కంపెనీ పేరుతో సహా, విడిగా చూపాలి. చూపకపోతే అడగండి.

సొంతంగా పాలసీ తీసుకున్నవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది గది అద్దె దగ్గర. 3 లక్షల పాలసీలో గదికి రోజుకు 1 శాతం, అంటే 3,000 పరిమితి అనుకోండి. 6,000 గదిలో చేరితే తేడా మూడు వేలే కదా అనుకుంటాం. కాదు. గది పెద్దదైతే ఆసుపత్రి సర్జన్ ఫీజు, థియేటరు చార్జీ కూడా పెంచుతుంది. అందుకని కంపెనీ వాటినీ సగానికి కోస్తుంది. అయితే 2020లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశం ప్రకారం మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చులో ఈ కోత వేయకూడదు. ఐ.సి.యు. చార్జీల మీద కూడా కూడదు. గదిని బట్టి రేటు మార్చని ఆసుపత్రిలో అసలే కోయకూడదు. కోసినట్టు కనబడితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా చెన్నైలోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. వకీలు అక్కరలేదు, ఫీజు లేదు.

ముఖ్యమంత్రి పథకానికి ఆదాయ పరిమితి ఏడాదికి 72,000 నుంచి 1,20,000కు పెంచారు. పాత పరిమితి చూసి మనకు రాదని ఊరుకున్న కుటుంబాలు మన సంఘంలోనే ఉన్నాయి. వి.ఏ.ఓ. దగ్గర ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు తీసుకొని ధర్మపురి కలెక్టరాఫీసులోని బీమా కౌంటరుకు వెళ్ళాలి. జబ్బు వచ్చాక కాదు, ఇప్పుడే.