అమావాస్యకు ఆగే పంపు – టచ్ ప్యానెల్ కొనబోయే మిత్రుడికి

నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి, రక్షణ లెక్కల శాఖలో చేరి, ముప్ఫై ఏళ్ళకు పైగా ఇతరులు కొనే వస్తువుల ఫైళ్ళు చూసి రిటైరయిన వాణ్ణి. అయినా కిందటి నెల ఒక మిత్రుడు ఫోన్ చేసి, ఇంజనీరును అడగాల్సిన ప్రశ్న నన్ను అడిగారు. ఆయనకు అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ దగ్గర, చేపలకు ఐసు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఉంది. (ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. నేను పనిచేసిన నాటి పేరే ఇక్కడ వాడుతున్నాను.) కంప్రెసర్లు, పంపులు ఇన్నాళ్ళూ స్విచ్‌లతో నడిపారు. ఇప్పుడు ప్రోగ్రామబుల్ కంట్రోలర్, అంటే పి.ఎల్.సి., దానికొక టచ్ ప్యానెల్ పెట్టించాలని అనుకుంటున్నారు. ముగ్గురు డీలర్లు మూడు కంపెనీల పేర్లు చెప్పారట. నాలుగో ఆయన వాస్తు సిద్ధాంతి. ఆయన కంపెనీ జోలికి పోకుండా, ప్యానెల్ ఏ దిక్కుకు ముఖం పెట్టాలో మాత్రం చెప్పారట. "మీరేమంటారు?" అని మిత్రుడి ప్రశ్న.

కంపెనీ పేరు నేనూ చెప్పను. ఈ వస్తువుల చరిత్ర కొంచెం, అదే ఊళ్ళో నాకు జరిగిన ఒక అవమానం కొంచెం చెబుతాను. ఆ రెండింటి నుంచి సమాధానం ఆయనే తీసుకోవచ్చు.

షరతులు ముందు, సరుకు తరువాత

1968 నాటికి అమెరికాలో మోటారు కార్ల ఫ్యాక్టరీలన్నీ రిలేలతో నడిచేవి. రిలే అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్. ఒక యంత్రం ఏ వరసలో ఏం చేయాలో చెప్పడానికి ఇలాంటివి వందలకొద్దీ బీరువాల్లో బిగించి, తీగలతో కలిపేవారు. కారు మోడల్ మారితే ఆ తీగలన్నీ ఊడదీసి మళ్ళీ కలపాలి, లేదా బీరువానే పారేయాలి. ఈ ఖర్చు భరించలేక జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ విభాగం ఆ ఏడాది ఒక షరతుల కాగితం తయారుచేసింది. మాకు కావలసిన పరికరాన్ని ఫ్యాక్టరీలోనే తేలికగా ప్రోగ్రాం చేసుకోగలగాలి. చెడిపోతే ముక్క ఊడదీసి ముక్క పెట్టగలగాలి. ఫ్యాక్టరీ వాతావరణంలో రిలేల కంటే నమ్మకంగా పనిచేయాలి. వాటికంటే తక్కువ చోటు పట్టాలి. ధరలో వాటితో పోటీ పడాలి. ఇలా సాగుతుంది ఆ కాగితం.

ఆ కాగితంలో ఏ కంపెనీ పేరూ లేదు. ప్రతి షరతూ పరీక్షకు నిలబెట్టగలిగినదే. అప్పటికి ఆ వస్తువు బజారులో లేదు కూడా. బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ అనే చిన్న సంస్థలో డిక్ మోర్లే బృందం దాన్ని తయారుచేసి 1969లో అందించింది. ఆ సంస్థకు అది 84వ ప్రాజెక్టు కాబట్టి మోడికాన్ 084 అని పేరు పెట్టారు. దాని పెట్టెకు ఫ్యాను లేదు. బయటి గాలి లోపలికి పోతే దుమ్మూ పోతుందని, వేడిని లోహపు పెట్టె ద్వారానే బయటికి పంపారు. ఉప్పుగాలిలో బతికేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో తెలివైన పని కూడా చేశారు. ప్రోగ్రాం రాయడానికి కంప్యూటరు పండితుల భాష వాడలేదు. ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్లకు అలవాటైన రిలే డ్రాయింగునే, నిచ్చెన ఆకారంలో ఉండేదాన్ని, భాషగా మార్చారు. లోపల ఏం జరుగుతోందో కార్మికుడు చదివి ప్రశ్నించగలిగాడు. 1993 నాటి అంతర్జాతీయ ప్రమాణంలోనూ ఆ నిచ్చెన భాషకు చోటు దక్కింది.

టచ్ స్క్రీన్ పుట్టుక వేరు. ఇంగ్లండులోని రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఇ.ఎ. జాన్సన్ 1965లో విమానాల రాకపోకలు నియంత్రించేవారి కోసం దాన్ని వివరించాడు. 1970ల మొదట్లో సెర్న్ పరిశోధనశాలలో కొత్త యాక్సిలరేటర్ కడుతున్నప్పుడు, కంట్రోల్ రూములో వేల బటన్లు, గుబ్బలు బిగించాల్సిన పరిస్థితి వచ్చింది. బెంట్ స్టంప్ అనే డేనిష్ ఇంజనీరు, అర్థం మారే బటన్లు ఉన్న పారదర్శకమైన తెర తయారుచేశాడు. ఆ యాక్సిలరేటర్ 1976లో పని మొదలుపెట్టింది. ఈ రెండూ వేలు దగ్గరకు వస్తే విద్యుత్తులో కలిగే మార్పును పసిగట్టే రకం. అదే కాలంలో అమెరికాలో శామ్ హర్స్ట్ ఇంకో రకం తెచ్చాడు. అందులో నొక్కితే రెండు పొరలు తాకుతాయి. గ్లవ్ తొడిగినా, పుల్లతో నొక్కినా పలుకుతుంది. ఫ్యాక్టరీలలో ఈ రెండో రకం బాగా పాతుకుపోవడానికి కారణం అదే.

నేను నవ్విన రోజు

ఇక నా కథ. 2009లో నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాను. ఏ కార్యాలయం అన్నది అనవసరం. ఒక పంప్ హౌస్‌కు కొత్త పి.ఎల్.సి., పెద్ద టచ్ ప్యానెల్ కొనాలని నా టేబుల్ మీదకు ఫైలు వచ్చింది. ఉన్నవి పెట్టి నాలుగేళ్ళు కూడా కాలేదు. అవి తరచుగా ఆగిపోతున్నాయని, పేరున్న కంపెనీ సరుకు కావాలని రాశారు. లక్షల్లో ఖర్చు. ఫైలులో రెండో కాగితం కూడా ఉంది. ఆగడాలన్నీ రాత్రి డ్యూటీ ఆపరేటర్ ఉన్నప్పుడే జరుగుతున్నాయి, తడిచేతులతో తెరను పాడు చేస్తున్నాడు, అతన్ని తీసేయాలి అని. కాంట్రాక్టు మనిషి. తీసేయడానికి ఒక్క సంతకం చాలు.

నేను వెళ్ళి చూశాను. ఆపరేటర్ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. నాకంటే పెద్దవాడు. ప్యానెల్ బీరువా నెత్తిన నిమ్మకాయ, మిరపకాయల దండ ఉంది. ఎందుకాగుతోందని అడిగాను.

"అమాసకీ పున్నానికీ ఇది ఆగిపోద్ది బాబూ. మిగతా రోజుల్లో పేచీ లేదు. సంపులో నీళ్ళుంటాయి, ఇది మాత్రం లేవంటాది."

నేను నవ్వాను. చంద్రుడికీ నీ పంపుకూ ఏమిటి సంబంధం అని అక్కడున్న నలుగురి ముందు చిన్న ఉపన్యాసం ఇచ్చాను. సునామీ వచ్చిన 2004 డిసెంబర్ 26 పౌర్ణమే కాబట్టి ఆ దీవుల్లో ఈ భయం మరీ పెరిగిందని, దాన్ని తొలగించడం నా కర్తవ్యమని నాకు అనిపించింది. ఆయన మారు మాట్లాడలేదు.

అయితే ఆడిటు అలవాటు ఒకటుంది. ఎవరి మాటా నమ్మకుండా పుస్తకం అడగడం. ఆ సూత్రం నా మాటకూ వర్తించాలి కదా! లాగ్ బుక్కు ఇంటికి తెచ్చుకుని, పంచాంగం పక్కన పెట్టుకుని లెక్క తీశాను. పదకొండు నెలల్లో 23 సార్లు ఆగింది. అమావాస్య లేక పౌర్ణమి నాడు గానీ, ఆ తరువాతి మూడు రోజుల్లో గానీ పడినవి 19. నెలలో అలాంటి రోజులు ఎనిమిది. యాదృచ్ఛికంగా అయితే 23లో ఆరో ఏడో పడాలి. 19 పడ్డాయి. రెండుసార్లు కూడాను. మారలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. గమనించాల్సింది ఇంకొకటి ఉంది. తిథి నాటి కంటే మర్నాడు, మూడోనాడు ఆగినవే ఎక్కువ. చంద్రుడి మహిమే అయితే ఈ ఆలస్యం ఎందుకు?

లాగ్ బుక్కులో తేదీలే ఉన్నాయి, గంటలు లేవు. గంటలు టచ్ ప్యానెల్లో ఉన్నాయి. అది ప్రతి అలారాన్నీ నిమిషంతో సహా దాచుకుంటుంది. ఎవరూ ఆ పేజీ తెరిచి చూడలేదు. దాని గడియారం కూడా రెండు గంటలకు పైగా వెనక ఉంది. బ్యాంకు పుస్తకానికీ మన పుస్తకానికీ రికన్సిలియేషన్ చేసినట్టు ఆ తేడా కలిపాను. మిగిలి ఉన్న అలారాలన్నీ రాత్రి పూట దాదాపు ఒకే వేళకు గుంపుగా ఉన్నాయి. సర్వే ఆఫ్ ఇండియా అచ్చువేసే పోటుపాట్ల పట్టిక తెప్పించి పక్కన పెట్టాను. అన్నీ సముద్రం పోటు మీద ఉన్న వేళలే.

చంద్రుడు తలుపు తట్టిన దారి

అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరసలో పనిచేసి పోటు పెద్దదవుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ రోజుల్లో పోటుకూ పాటుకూ తేడా సుమారు రెండు మీటర్లు. అన్నిటికంటే పెద్ద పోటు తిథి నాడు కాక ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. ఒక రేవులో అది ప్రతిసారీ ఇంచుమించు ఒకే వేళకు వస్తుంది. పంపింగు చేసేది రాత్రి పూటే కాబట్టి, ఆగినప్పుడల్లా అక్కడున్నది ఆ ఒక్క మనిషే.

2004 భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ దగ్గర పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. ఈ పంప్ హౌస్ ఆ తరువాతే కట్టారు గానీ, కేబుళ్ళ కాలువ లోతు మాత్రం పాత డ్రాయింగులోదే. పెద్ద పోటుకు ఆ కాలువలోకి సముద్రపు నీరు ఊరేది. అందులో ఒక జంక్షన్ పెట్టె ఉంది. సంపులో నీరు తగ్గితే చెప్పే ఫ్లోట్ స్విచ్ తీగలు దాని ద్వారానే వస్తాయి. ఉప్పునీరు ఆ రెండు తీగలనూ కలిపేది. నీళ్ళు లేవన్న సంకేతం వచ్చిందని పి.ఎల్.సి. నమ్మి, పంపు కాలిపోకుండా ఆపేసేది. దాని తప్పేమీ లేదు. తెల్లారి మెకానిక్కు వచ్చేసరికి కాలువ పొడిగా ఉండేది.

ఇది ఇంకా నా ఊహే. కాబట్టి వచ్చే అమావాస్య తరువాత ఫలానా రాత్రి, ఫలానా రెండు గంటల మధ్య ఆగుతుందని ముందే కాగితం మీద రాసి జూనియర్ ఇంజనీరుకు ఇచ్చాను. ఆ రాత్రి ముగ్గురం కూర్చున్నాం. ఆగింది. కాలువ బండ ఎత్తితే పెట్టె మునిగి ఉంది. కరెంటు ఆపి ఆ తీగ ఊడదీసి మళ్ళీ ఆన్ చేస్తే అలారం పోయింది. మరేదీ ముట్టుకోలేదు.

పెట్టెను గోడ మీదికి ఎత్తారు. కేబుల్ మార్చారు. తీగ తెగినా, తడిసినా ఆ సంగతి వేరుగా తెలిసేలా వైరింగు సరిచేశారు. కొన్ని వేలతో పని అయిపోయింది. కొత్త ప్యానెల్ ఫైలు వెనక్కి పోయింది. ఆపరేటర్ను తీసేయాలన్న కాగితం మీద నా లెక్కల పట్టిక జతచేశాను. ఆయన ఉద్యోగం నిలిచింది.

ఆయన దగ్గరకు వెళ్ళి, ఆనాడు నవ్వినందుకు క్షమాపణ చెప్పాను. ఆయన గమనించినది నిజం. కారణం దగ్గర మాత్రం దారి తప్పాడు. నేనేమో కారణాన్ని తోసిపుచ్చే తొందరలో ఆయన గమనించినదాన్నీ తోసిపుచ్చాను. హేతువాదులం మనం ఈ పొరపాటు తరచుగా చేస్తాం. తాయెత్తును కాదనడం తేలిక. తాయెత్తు కట్టించిన నొప్పిని పరీక్షించడం మన పని.

చంద్రుణ్ణి లెక్కలోకి తెచ్చిన చరిత్ర కూడా ఆ దీవుల్లో పాతదే. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ దగ్గర భూకంపం వస్తే, దాని సునామీ పోర్ట్ బ్లెయిర్ పోటు కొలిచే యంత్రం కాగితం మీద నమోదయింది. అంతకు రెండేళ్ళ ముందే, 1879లో, భారత రేవుల పోటుపాట్లు లెక్కించడానికి ఎడ్వర్డ్ రాబర్ట్స్ ఇంగ్లండులో పళ్ళచక్రాల యంత్రం చేయించాడు. ఒక్కో రేవుకు ఒక్కో యంత్రం చేయలేదు. ఉన్నదానికే ఆ రేవు అమరికలు పెట్టి తిప్పేవారు. ప్రోగ్రామబుల్ అన్న మాటకు నాకు అర్థమైన మొదటి ఉదాహరణ అది.

మిత్రుడికి నా జాబితా

కొనే ముందు మీరూ ఒక షరతుల కాగితం రాయండి. ఎన్ని సంకేతాలు లోపలికి, ఎన్ని బయటికి, రేపటికి ఎన్ని ఖాళీ ఉండాలి అన్నది మొదటి వరస. ప్రోగ్రాం కాపీ, పాస్‌వర్డ్ మీ చేతికి రావాలి. బ్యాటరీ అయిపోతే ప్రోగ్రాం చెరిగిపోతుందా అని అడగండి. బోర్డులకు ఉప్పుగాలి తగలకుండా పూత ఉండాలి. ఐ.పి. 65 అన్నది తెర ముఖానికే. వెనక బీరువా సీలు మీ బాధ్యత. ఐసు, చేపల చేతులతో, గ్లవ్‌లతో అక్కడే నొక్కి చూడండి. ఎమర్జెన్సీ స్టాప్ గాజు మీద బొమ్మగా వద్దు. తీగతో కలిపిన అసలు బటన్ ఉండాలి. తెర చచ్చిపోయినా మామూలు స్విచ్‌తో నడపగలగాలి. విడిభాగాలు ఓడ మీదో విమానం మీదో రావాలి కాబట్టి ఒకటి దగ్గర ఉంచుకోండి.

అలారాలు తేదీ, నిమిషంతో దాచి, పెన్ డ్రైవ్‌లోకి ఇచ్చే ప్యానెలే తీసుకోండి. గడియారం నెలకొకసారి సరిచూడండి. అలారం మాటలు మీ కార్మికులు చదివే భాషలో రాయించండి. "నీళ్ళు లేవు" అని రాయించవద్దు. "నీళ్ళు లేవని ఫ్లోట్ స్విచ్ చెబుతోంది" అని రాయించండి. ఆ రెండు వాక్యాల మధ్య తేడా తెలియకే ఒక మనిషి ఉద్యోగం పోయేది.

సిద్ధాంతి గారి దిక్కు సంగతి. నైరుతి రుతుపవనాల జల్లు ఏ తలుపులోంచి కొడుతుందో చూసి, దానికి ఎదురుగా కాకుండా పెట్టండి. ఎండ తెర మీద పడకూడదు. ఆయన చెప్పిన దిక్కు దీనితో కలిస్తే సంతోషం.

నిమ్మకాయ ఏమయిందని అడుగుతారేమో. తీసేయమన్నాను. "ఉండనీ బాబూ, అదేం కరెంటు తినదు కదా" అన్నాడాయన. పులుపు కారితే పెట్టెలో బోర్డు పాడవుతుందని చెప్పాను. ఆ మాట ఒప్పుకున్నాడు. బీరువా మీద నుంచి తీసి వాకిలికి కట్టుకున్నాడు. నేను బదిలీ అయ్యే రోజుకు కూడా అది అక్కడే ఉంది. దాని పక్కనే, ఆయన చేతిరాతతో, ఆ నెల పోటు వేళల కాగితం అంటించి ఉంది.