గుడియం కొండబాట

తిరువళ్ళూరునకు వాయవ్యమున, పూండి జలాశయము దాటి గుడియం గుహలకు పోవు అడవిబాట పరుగిడువారికి సుగమము కాదు. అడుగడుగున ముళ్ళపొదలు, కాలు జారు గుండ్రాళ్ళు. ఆయాసముతో ఆగినచోట ఆ రాళ్ళను పరికింపుడు! సమీపమందలి అత్తిరంపాక్కమున 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ రాతిగొడ్డళ్ళను కనుగొనిరి. అచ్చటి పనిముట్లలో మిగుల ప్రాచీనములు సుమారు 15 లక్షల ఏండ్ల నాటివని 2011లో వెల్లడియైనది. తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినది 1960లో. ఈ నేలకు ముందు వచ్చినదెవరని మనమాడు తగవు విని ఆ రాళ్ళు నవ్వుకొనునేమో! చెక్కిన రాయి కనబడినచో ఇంటికి తేవలదు. పొరనుండి వేరైనచో దాని కాలము తేల్చుట దుష్కరము.