పాచికల బేస్‌బాల్: సర్వకాల విజేత జట్ల ర్యాంకింగ్

పాచికలు, కార్డులు, తర్వాతి కాలంలో కంప్యూటర్ల సాయంతో బేస్‌బాల్ సీజన్లను మళ్లీ ఆడించి, వేర్వేరు కాలాల విజేత జట్లలో ఏది మేటిదో తేల్చే ఆనవాయితీ అమెరికాలో 20వ శతాబ్దం మధ్యలో స్థిరపడింది. ఈ ఆటల్లో ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు ఉంటుంది. అతడు నిజంగా ఆడిన సీజన్ గణాంకాలే ఆ కార్డు మీద అంకెలుగా మారతాయి. పుస్తకం తెరిచి పేజీ చివరి అంకెతో పరుగులు లెక్కవేసే బుక్ క్రికెట్‌లో బ్యాటర్లందరూ ఒకటే. ఇక్కడ మాత్రం బేబ్ రూత్ కార్డు వేరు, ఎనిమిదో స్థానంలో బ్యాటింగుకు వచ్చేవాడి కార్డు వేరు. 1927 నాటి న్యూయార్క్ యాంకీస్‌కూ 1975 నాటి సిన్సినాటి రెడ్స్‌కూ మైదానంలో పోటీ పెట్టడం ఎవరి వల్లా కాదు. కార్డుల మీద మాత్రం వాటి మధ్య ఏడు ఆటల సిరీస్ ఒక్క సెలవు రోజులో ముగుస్తుంది.

ఇంట్లో కూర్చుని ఆడే బేస్‌బాల్ ఆటలు 1860ల నుంచే ఉన్నా వాటిలో నిజమైన ఆటగాళ్ల గణాంకాలకు చోటు లేదు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బేకు చెందిన క్లిఫర్డ్ వాన్ బీక్ 1930ల ఆరంభంలో తెచ్చిన ‘నేషనల్ పాస్‌టైమ్’ ఆ లోటు తీర్చింది కానీ, ఆర్థిక మాంద్యం దాన్ని నిలవనివ్వలేదు. 1941లో మాజీ ఆటగాడు ఈథన్ అలెన్ రూపొందించిన ‘ఆల్‌స్టార్ బేస్‌బాల్’లో ఆటగాడి రికార్డును బట్టి భాగాలు గీసిన గుండ్రటి అట్టబిళ్ల మీద ముల్లు తిరిగేది. పెన్సిల్వేనియా రాష్ట్రం లాంకస్టర్‌లో రిచర్డ్ సైట్జ్ 1951లో అమ్మకానికి పెట్టిన ‘ఆప్బా’ వాన్ బీక్ బాటలోనే నడిచింది. అందులో రెండు పాచికలను పదుల స్థానం, ఒకట్ల స్థానంగా చదువుతారు. 11 నుంచి 66 వరకు 36 ఫలితాలు వస్తాయి. మంచి బ్యాటర్ కార్డు మీద 66 పడితే సాధారణంగా హోమ్ రన్.

ఈ చరిత్రలో అతి ముఖ్యమైన పేరు హాల్ రిచ్‌మన్. న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలాండ్ కుర్రాడు. అప్పటికి దొరికే బల్ల ఆటల్లో అసలు ఆట తీరు లేదని విసిగి, 1940ల చివర 11 ఏళ్ల వయసులో సొంతంగా ఒకటి తయారుచేశాడు. ఏ మొత్తం ఎంత తరచుగా పడుతుందో తెలుసుకోవడానికి రెండు పాచికలను వేల సార్లు విసిరి రాసుకున్నాడు. బక్‌నెల్ విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ చదివి, 1961లో ‘స్ట్రాటోమాటిక్’ పేరుతో ఆటను బయటకు తెచ్చాడు. మొదట్లో అమ్మకాలు అంతంతమాత్రమే. 1963లో తండ్రి దగ్గర 5,000 డాలర్లు అప్పు తీసుకున్నాడు. ఈసారీ నష్టం వస్తే తండ్రి బీమా వ్యాపారంలో చేరాలన్నది షరతు. చేరాల్సిన అవసరం రాలేదు.

రిచ్‌మన్ పద్ధతి సరళం, అందులోనే దాని గొప్పతనం. ఒకేసారి మూడు పాచికలు వేస్తారు. విడిగా ఉన్న పాచిక మీద 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డులోని ఆ వరుస చూడాలి. 4, 5, 6 పడితే పిచర్ కార్డు చూడాలి. మిగతా రెండు పాచికల మొత్తం ఫలితాన్ని చెబుతుంది. మొత్తం 216 అవకాశాల్లో 108 బ్యాటర్‌వి, 108 పిచర్‌వి. 1927లో రూత్ 691 సార్లు బ్యాటింగుకు వచ్చి 60 హోమ్ రన్లు కొట్టాడు. ఆ నిష్పత్తి నిలవాలంటే 216లో సుమారు 19 అవకాశాలు హోమ్ రన్ కావాలి. ఆ కాలపు పిచర్ల కార్డుల మీద హోమ్ రన్లు కొద్దిగానే ఉంటాయి. అందుచేత బరువంతా రూత్ కార్డు మీదే పడుతుంది. రెండు పాచికల్లో 7 పడే అవకాశాలు ఆరు, 6 గానీ 8 గానీ పడేవి ఐదేసి. ఆ గళ్లలో కొన్నింటిలో ‘హోమ్ రన్’ అని అచ్చైన కార్డును చూడగానే ఎదుటి ఆటగాడికి గుండె జారుతుంది. 1972లో వచ్చిన ఉన్నత స్థాయి నియమాలు కుడి, ఎడమ చేతివాటాలను విడదీసి ఆటను నిజానికి మరింత దగ్గర చేశాయి.

పాత జట్ల కార్డులు కూడా రావడంతో కాలాలను దాటి పోటీలు పెట్టడం మొదలైంది. అసలు చిక్కు కూడా అక్కడే ఎదురైంది. ఒక సీజన్ కార్డులు ఆ సీజన్ సగటుకు సరిపోయేలా తయారవుతాయి. 1930లో నేషనల్ లీగ్ మొత్తం బ్యాటింగ్ సగటు .303. 1968లో అమెరికన్ లీగ్ అగ్రస్థాన బ్యాటర్ కార్ల్ యస్ట్రెమ్‌స్కీ సగటు .301. అంటే ఒక కాలపు సాధారణ బ్యాటర్ అంకె ఇంకో కాలపు అగ్రగామి అంకెను మించిపోయింది. 1930లో బిల్ టెర్రీ సాధించిన .401ను ఆనాటి లీగ్ సగటుతో భాగిస్తే 1.32 వస్తుంది. యస్ట్రెమ్‌స్కీ .301ను అప్పటి లీగ్ సగటు .230తో భాగిస్తే 1.31. అంకెల్లో వంద పాయింట్ల దూరంలో ఉన్న ఇద్దరూ తమ తమ కాలాల్లో దాదాపు సమానులే. ఈ సవరణ లేకుండా ఇచ్చే ర్యాంకు జట్టు బలం కన్నా ఆ కాలపు ఆట వాతావరణాన్నే ఎక్కువగా కొలుస్తుంది. రాబ్ నేయర్, ఎడీ ఎప్‌స్టైన్ 2000లో వెలువరించిన ‘బేస్‌బాల్ డైనస్టీస్’ ఇదే సూత్రాన్ని జట్లకు వర్తింపజేసింది. కొట్టిన పరుగులు, ఇచ్చిన పరుగులు లీగ్ సగటుకు ఎన్ని ప్రామాణిక విచలనాల దూరంలో ఉన్నాయన్నది అందులో కొలమానం.

ఎవరు జాబితా వేసినా కొన్ని జట్లు తప్పకుండా అందులో ఉంటాయి. 1927 యాంకీస్ 110 ఆటలు గెలిచి 44 ఓడింది. వరల్డ్ సిరీస్‌లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌ను 4–0తో ఓడించింది. ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో మరే జట్టూ రూత్ ఒక్కడు కొట్టినన్ని హోమ్ రన్లు కొట్టలేదు. అతడి వెనకే లూ గెరిగ్ 47 కొట్టాడు. కీర్తి ఎక్కువగా ఈ జట్టుకే దక్కినా పరుగుల తేడా చూస్తే 1939 యాంకీస్‌దే పైచేయి. ఆ జట్టు 967 పరుగులు చేసి 556 మాత్రమే ఇచ్చింది. తేడా 411, 1927 జట్టు తేడా 376. కొట్టిన పరుగుల వర్గాన్ని, కొట్టిన, ఇచ్చిన పరుగుల వర్గాల మొత్తంతో భాగిస్తే గెలుపు శాతం దాదాపుగా వస్తుందని బిల్ జేమ్స్ సూత్రం. దాని ప్రకారం 1939 జట్టు 151 ఆటల్లో 113 దాకా గెలవాలి, గెలిచింది 106. మే నెలలోనే గెరిగ్ ఆటకు దూరమైనా, జో డిమాజియో .381 సగటుతో నిలబడిన జట్టది. పాచికలను ఎన్నిసార్లు విసిరితే 1939 జట్టు అంత పైకి వస్తుంది. జానీ బెంచ్, జో మోర్గన్, పీట్ రోజ్ ఉన్న 1975 రెడ్స్ 108 విజయాలతో, 1998 యాంకీస్ 114 విజయాలతో వీటి వెంట నిలుస్తాయి. 1998 జట్టు ప్లేఆఫ్స్‌లోనూ 11 గెలిచి రెండే ఓడింది.

విజేత జట్లకే పరిమితమైన జాబితాల్లో 1906 చికాగో కబ్స్‌కు చోటుండదు. 116 గెలిచి 36 మాత్రమే ఓడిన ఆ జట్టు వరల్డ్ సిరీస్‌ను అదే నగరపు వైట్ సాక్స్‌కు 4–2తో అప్పగించింది. 2001లో 116 ఆటలు గెలిచిన సియాటిల్ మారినర్స్ అసలు వరల్డ్ సిరీస్‌కే చేరలేదు. ఒక్కో ఆటలో 60 శాతం గెలుపు అవకాశమున్న జట్టు కూడా ఏడు ఆటల సిరీస్‌ను గెలిచే అవకాశం 71 శాతమే. బలం ఏమాత్రం మారకపోయినా 162 ఆటల సీజన్‌లో విజయాలు అదృష్టం వల్లే ఆరేడు అటూ ఇటూ అవుతాయి. నిజ జీవితంలో సీజన్ ఒక్కసారే జరుగుతుంది. అనుకరణలో దాన్ని వెయ్యిసార్లు నడిపి కబ్స్‌కు న్యాయం చేయవచ్చు. ఈ ఆటలు చరిత్రకు చేసిన నిజమైన మేలు ఇదే.

స్నేహితులు కలిసి నడిపే ప్రైవేటు లీగ్‌లలో ఈ ప్రశ్న ఇంకో రూపం తీసుకుంటుంది. అక్కడ యజమానులు ఏటా కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటారు. దశాబ్దాలు గడిచేసరికి లీగ్‌కే సొంత విజేతల చరిత్ర ఏర్పడుతుంది. ఎనిమిది జట్ల లీగ్‌లో ప్రతి జట్టూ తారలతో నిండి ఉంటుంది కనుక 95 విజయాలంటే అపూర్వం. అదే లీగ్ ఇరవై నాలుగు జట్లకు పెరిగితే బలహీన జట్ల మీద గెలుపులు పోగుపడతాయి; అప్పటి 105 విజయాలు పాత 95కు సమానం కాకపోవచ్చు. ఆ కారణంగా కేవలం విజయాల లెక్క చాలదు. లీగ్ సగటుతో పోల్చిన పరుగుల తేడా కూడా చూడాలి. కార్డులు దాచి ఉంటే పాత విజేతలను మళ్లీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఆడించాలి. స్కోరుపుస్తకాలు భద్రపరిచిన లీగ్‌కే ర్యాంకింగ్ సాధ్యం. రచయిత జాక్ కెరువాక్ బాల్యం నుంచే తాను ఊహించిన జట్లతో కార్డుల బేస్‌బాల్ నడిపి, ఆ లెక్కలు ఏళ్ల తరబడి దాచుకున్నాడు. రాబర్ట్ కూవర్ 1968 నవలలో కథానాయకుడు ఇలాంటి లీగ్‌లోనే మునిగిపోతాడు.

కంప్యూటర్ అనుకరణలు 1960ల ఆరంభంలో ఐబీఎం యంత్రాల మీద మొదలయ్యాయి. 1971లో పొమోనా కళాశాల విద్యార్థి డాన్ డాగ్లో, ఆ తర్వాత ‘డైమండ్ మైండ్’ నిర్మాత టామ్ టిపెట్, 1999లో ‘ఔట్ ఆఫ్ ది పార్క్’ తెచ్చిన జర్మన్ ప్రోగ్రామర్ మార్కస్ హైన్‌సోన్ ఈ దారిని విస్తరించారు. నిజమైన ఆట ఆగినప్పుడల్లా అనుకరణకు గిరాకీ పెరిగింది. 1981 ఆటగాళ్ల సమ్మెలో క్లీవ్‌లాండ్ స్టేడియంలో జరగాల్సిన ఆల్‌స్టార్ ఆటను అక్కడే స్ట్రాటోమాటిక్ మీద ఆడారు. తొలి పాచికలు వేసింది పిచింగ్ దిగ్గజం బాబ్ ఫెల్లర్. 2020లో కోవిడ్ వల్ల ఆలస్యమైన సీజన్‌నూ రోజువారీగా కంప్యూటర్ మీద నడిపారు.

ఇన్నేళ్లూ ఈ జాబితాల్లో పెద్ద ఖాళీ ఒకటి మిగిలింది. 1947లో జాకీ రాబిన్‌సన్ వచ్చేవరకు మేజర్ లీగ్‌లు నల్లజాతి ఆటగాళ్లను దూరం పెట్టాయి. 1927, 1939 యాంకీస్ రెండూ అలాంటి లీగ్‌లో గెలిచిన జట్లే. నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడిన నీగ్రో లీగ్‌ల తారల కార్డులను స్ట్రాటోమాటిక్ 2009లో విడుదల చేసింది. 1920–1948 నాటి నీగ్రో లీగ్‌లకు 2020 డిసెంబరులో మేజర్ లీగ్ హోదా దక్కింది. 2024లో గణాంకాలు కలిపాక జోష్ గిబ్‌సన్ .372తో జీవితకాల బ్యాటింగ్ సగటులో టై కాబ్‌ను దాటాడు. గిబ్‌సన్, ఆస్కార్ చార్ల్‌స్టన్, కూల్ పాపా బెల్ ఆడిన 1935 పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ ఇప్పుడు సర్వకాల జట్ల పోటీలో యాంకీస్ సరసన నిలిచే అర్హత ఉన్న జట్టు. నీగ్రో లీగ్ సీజన్లలో లీగ్ ఆటలు తక్కువ కాబట్టి వారి కార్డుల తయారీలో ఒక ఏడాది అంకెల మీదే ఆధారపడకుండా పలు సీజన్లను కలిపి చూడాల్సి ఉంటుంది.