టర్బోచార్జర్ చరిత్రలో రాయలసీమ రైలుమార్గం: డోన్ కూడలి నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
చిన్న స్పోర్ట్స్ కారుకు టర్బోచార్జర్ అమర్చడాన్ని వేగంపై మోజుగానే సాధారణంగా పరిగణిస్తారు. అయితే ఇంజనుకు ఒత్తిడితో గాలినందించే ఈ విధానం కార్లకంటే ముందే భారీ డీజిల్ ఇంజన్లలో స్థిరపడింది. రాయలసీమలో దాని చరిత్రను రైలుపట్టాల మీద వెతకాలి. ద్రోణాచలంగా ప్రసిద్ధమైన డోన్ కూడలి నేపథ్యంలో ఈ పరిణామాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆవిరి ఇంజను - నీటి భారం:
గుంతకల్లు–గుంటూరు, సికింద్రాబాదు మార్గాలు కలిసే డోన్ దశాబ్దాలపాటు మీటరు గేజి కూడలి. ఆవిరి ఇంజను, సిలిండర్లలో పనిచేసి వెలువడిన ఆవిరిని పొగగొట్టం గుండా పైకి చిమ్మి, ఆ ఈడ్పుతోనే నిప్పుగూటిలోకి గాలిని లాగుకొనేది. వ్యర్థవాయువుతో శ్వాసను సమకూర్చుకొనే ఉపాయం అందులోనే ఉంది. కాని ఆ శ్వాసకు మూల్యం నీరు. గాలిలో కలిసిన ఆవిరి తిరిగిరాదు; దారిపొడవునా నీళ్లు నింపుకోక తప్పదు. 1876–78 నాటి ధాత కరువును చవిచూసిన సీమలో ఇది అల్పభారం కాదు.

టర్బోచార్జర్ - రెండు మార్గాలు:
స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో పేటెంటు పొందిన పద్ధతిలో వ్యర్థవాయువు టర్బైనును తిప్పుతుంది. ఆ టర్బైను నడిపే కంప్రెసర్ గాలిని అదిమి సిలిండర్లలోకి పంపుతుంది. 1920లలో రెండు జర్మన్ ప్రయాణికుల నౌకల ఇంజన్ల సామర్థ్యం దీనివల్ల 1,750 నుండి 2,500 అశ్వశక్తికి పెరిగింది.

1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ టర్బోచార్జర్ గల తొలి కార్లలో ఒకటి. పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనం కలిసే అదుముడవుతాయి కనుక ఒత్తిడి పెరిగితే మిశ్రమం అకాలంగా పేలుతుంది. దీన్ని నివారించడానికి ఆ కారులో శుద్ధజలం, మిథనాల్ కలిపిన ద్రవాన్ని వాడవలసివచ్చింది. 1963తో దాని ఉత్పత్తి ముగిసింది. డీజిల్ ఇంజను కేవలం గాలిని అదుముతుంది, ఇంధనం చివర చేరుతుంది. అందువల్ల దానికి ఈ చిక్కు లేదు.

భారతీయ రైల్వేలలో:
1961లో మీటరు గేజికి వై.డి.ఎం.-4, 1962లో బ్రాడ్ గేజికి డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజన్లు వచ్చాయి. రెండూ అమెరికాలోని ఆల్కో సంస్థ 251 శ్రేణికి చెందిన టర్బోచార్జర్ ఇంజన్లే. మొదటిది ఆరు సిలిండర్లది; రెండవది పదహారు సిలిండర్లతో 2,600 అశ్వశక్తి గలది. అదిమినప్పుడు వేడెక్కిన గాలిని చల్లార్చడానికి వీటిలోనూ నీరు అవసరమే. కాని ఆ నీరు గొట్టాలలోనే తిరుగుతూ మళ్లీ మళ్లీ ఉపయోగపడుతుంది. డోన్‌కు పొరుగునున్న గుత్తి డీజిల్ ఇంజన్ల షెడ్డుగా పేరు పొందింది.

ముగింపు:
నీటి పొదుపు డీజిల్ ఇంజనుది. ఆవిరి ఇంజను స్థానాన్ని ఆక్రమించగల బలం టర్బోచార్జర్‌ది. స్పోర్ట్స్ కారులో ఈ పరికరం మిగిల్చేవి క్షణాలు. సీమ రైలుమార్గంలో మిగిలింది నీరు. యంత్రచరిత్రను వేగంతో మాత్రమే కొలిస్తే ఈ ప్రయోజనం కనిపించదు. 1990లలో ఈ మార్గాల గేజి మార్పిడితో మీటరు గేజి యుగం ముగిసింది. ఆవిరి, డీజిల్ కాలాలు రెండింటినీ ఎరిగిన డోన్, గుత్తి రైల్వే కార్మికుల జ్ఞాపకాలను సేకరించడం పరిశోధకులు ఇక ఆలస్యం చేయకూడని పని.