లొట్టిలో పుట్టిన నురుగు

ఫ్రాన్స్‌లోని షాంపేన్ సీమలో అయ్ అనే ఊరుంది. అక్కడ బొలాంజే సంస్థకు రెండు చిన్న ద్రాక్ష మళ్లున్నాయి. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా అనే పురుగు యూరప్ తోటల్ని వేళ్లదాకా తినేసింది. రైతులు అమెరికా ద్రాక్ష వేరు మీద తమ తీగను అంటుకట్టి గట్టెక్కారు. ఈ రెండు మళ్లు మాత్రం ఇప్పటికీ సొంత వేళ్ల మీదే ఉన్నాయి. వాటి పండ్లతో 1969 నుంచి విడిగా ఒక షాంపేన్ తీస్తున్నారు. మూడో మడి కూడా ఉండేది గానీ 2000 దాటాక అదీ పురుగుపాలైంది. మిగిలిన రెంటినీ కంటికి రెప్పలా కాచుకుంటున్నారు.

జనగామ జిల్లా నర్మెట్ట చుట్టుపక్కల కూడా షాంపేన్‌లా నురుగు పొంగే పానీయం ఉంది, దానికి ద్రాక్ష మళ్లతో పనిలేదు. పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద తాటిచెట్లున్నాయి. పొద్దున్నే దింపిన లొట్టిలో కల్లు బుసబుసమని పొంగుతుంటుంది.

కల్లు అన్న మాట చాలా పాతది. తమిళంలో కళ్, కన్నడంలో కళ్ళు అంటే ఇదే. తాటిచెట్టుకు సంస్కృతంలో తాల, హిందీలో తాడ్ అని పేర్లు. తాడ్ నుంచి తాడీ వచ్చింది, దాన్నే ఇంగ్లిషువాళ్లు టాడీ అన్నారు. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో గ్రీకులో భారతదేశం గురించి రాసిన ఏరియన్, అంతకు చాలా ముందు ఇక్కడికి వచ్చిన మెగస్తనీసు రాతల్ని ఆధారం చేసుకుని, ఇక్కడి వాళ్లు 'తాల' అని పిలిచే చెట్టును ప్రస్తావించాడు.

ఈ చెట్టు చరిత్రలో గట్టిగా వినిపించే పేరు జనగామ జిల్లాదే. రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌ను స్థావరం చేసుకుని మొగల్ అధికారాన్ని ఎదిరించిన సర్వాయి పాపన్న కల్లు గీసే గీత కులంలో పుట్టినవాడు. 1708లో ఓరుగల్లు మీదపడి కొల్లగొట్టాడు. అతని మరో కోట స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి తాటికొండలో ఉంది. చెట్టు పేరే ఊరి పేరు. 1710లో అతని కథ ముగిసింది. గాయాలతో పారిపోయి తలదాచుకున్న పాపన్నను కల్లు అమ్మే ఒకతను గుర్తుపట్టి పట్టించాడని ఆనాటి మొగల్ చరిత్రకారుల రాతలు చెబుతాయి. జనం మాత్రం అతణ్ని పాటల్లో దాచుకున్నారు. 1874లోనే జె.ఎ. బాయిల్ పాపన్న గాథను పత్రికకెక్కించాడు. రిచర్డ్ ఈటన్ 2005లో వెలువరించిన దక్కన్ సామాజిక చరిత్రలో ఎంచుకున్న ఎనిమిది జీవితాల్లో పాపన్నది ఒకటి.

కల్లు తీసే విద్య పాపన్న నాటి నుంచి పెద్దగా మారలేదు. చెట్టెక్కడానికి మోకు, ముత్తాదు, గుజి, కల్లు పట్టడానికి లొట్టి, చెక్కడానికి గీత కత్తి ఉంటే చాలు. తాళ్లలో ఆడ, మగ వేరువేరు చెట్లు. మగ చెట్టుకైతే పోత గెలలు, ఆడ చెట్టుకైతే లేత కాయ గెలలు గీస్తారు. గెలను నొక్కి నొక్కి మెత్తబరుస్తారు. తర్వాత దాని కొసను రోజూ పలచగా చెక్కుతూ లొట్టి కడతారు. చెక్కు మరీ లోతైతే గెల పాడవుతుంది, మరీ పైపైనైతే ధార రాదు.

చుక్కగా జారేటప్పుడు అది తీపినీళ్లు. నూటికి పది పాళ్లకు పైగా చక్కెర. లొట్టి గోడల్లో నిన్నటి మడ్డి ఉంటుంది, అందులో ఈస్టు ఉంటుంది. దానితో పాటు జైమోమోనాస్ అనే సూక్ష్మజీవి కూడా పనిలోకి దిగుతుంది. 1920లలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ లిండ్నర్ దీన్ని మెక్సికో వాళ్ల పుల్కే అనే పులిసిన పానీయం నుంచి వేరుచేశాడు. ఈ రెండూ చక్కెర తిని మద్యసారాన్నీ గాలి బుడగల్నీ వదులుతాయి. షాంపేన్‌లో బుడగ పుట్టాలంటే సీసాలో రెండోసారి పులియబెట్టి నెలల తరబడి ఆగాలి. లొట్టికి కొన్ని గంటలు చాలు. లొట్టి లోపల సున్నం పూస్తే పులుపు ఆగి నీరా మిగులుతుంది.

కాపాడటం దగ్గరికొచ్చేసరికి ద్రాక్షకూ తాడుకూ పోలిక చెడుతుంది. పాత ద్రాక్ష తీగ కొమ్మ ఒకటి వంచి మట్టిలో పాతితే మళ్లీ అదే తీగ. బొలాంజే వాళ్లు చేసేదీ అదే. తాడుకు కొమ్మే లేదు. పెరిగే మొవ్వు ఒక్కటే, అది పోతే చెట్టు పోయినట్టే. కొత్త చెట్టు కావాలంటే గింజే పాతాలి. మొలక ముందుగా కిందికి దిగుతుంది, పైన పెరగడం ఆ తర్వాతే. ఆ కిందికి దిగిన దాన్నే తవ్వి ఉడకబెట్టి గేగులని తింటాం. తవ్వకుండా వదిలేసిన గింజ పోత వేయడానికి పన్నెండు, పదిహేనేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అది మగదో ఆడదో తేలేదీ అప్పుడే. కాబట్టి గీత కార్మికుడికి అక్కరకొచ్చేది ఇవాళ నిలబడి ఉన్న చెట్టు ఒక్కటే.

పొలాలు ప్లాట్లయితే ముందు పడేవి గట్టు మీది తాళ్లు. చెట్లు తగ్గిన చోట కల్లు తాగేవాళ్లు మాత్రం తగ్గరు, ఆ సందులోనే మత్తుమందులు కలిపిన కల్తీకల్లు దూరుతుంది. చెట్లు కొట్టాలంటే అనుమతి కావాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. 2015లో మొదలైన మొక్కలు నాటే పథకం హరితహారంలో ఈత, తాటి మొక్కలూ చేరాయి. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. చెట్టు మీంచి జారిపడే ప్రమాదం తగ్గించేందుకు 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరిట కిట్ల పంపిణీ మొదలైంది. ఆ పేరు గీత కులాల వాళ్లు కొలిచే కాటమయ్యది.

2015లో కట్టల మీద నాటిన గింజలు బతికి ఉంటే వాటికి పోత వచ్చేది 2030 అటూ ఇటూ. అందాకా నర్మెట్ట వైపు మోకు పడేది తాతలు గీసిన చెట్ల మీదే.