గోలీ సోడా

గాజు సీసా మెడలో ఉండే గోలీయే మూతగా పనిచేసే సోడా గోలీ సోడా. తెలుగునాట సోడాబుడ్డి అన్నా ఎక్కువగా గుర్తొచ్చేది ఈ సీసాయే. ఢిల్లీ వీధుల్లో దీని పేరు బంటా. రుచులేవీ కలపని సాదా సోడాలో ఉండేది నీళ్ళు, బొగ్గుపులుసు వాయువు, అంతే. ఆ పానీయానికి ఇంత పేరు తెచ్చింది సీసా పనితనమే.

సోడా ముందు పుట్టింది, దానికి తగిన సీసా వందేళ్ళ తర్వాత వచ్చింది. 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ బీరు తయారీ తొట్ల మీద తేలే వాయువును నీళ్ళలో కలిపి చూశాడు. 1783లో జెనీవాలో జాకబ్ ష్వెప్ దాన్ని వ్యాపారంగా మార్చాడు. చిక్కంతా మూతతోనే వచ్చింది. సీసాను నిలబెడితే బెండు బిరడా ఎండి సన్నబడి, వాయువు జారిపోయేది. అందుకే కొన్నాళ్ళు అడుగున కోసుగా ఉండే సీసాలు వాడారు. అవి నిలబడవు, పడుకోబెట్టే ఉంచాలి కాబట్టి బిరడా ఎప్పుడూ తడిగా ఉండేది. బిరడాతో పనే లేకుండా చేసినవాడు లండన్‌కు చెందిన హైరమ్ కాడ్. 1870ల తొలినాళ్ళలో అతను పేటెంట్లు పొందిన గోలీ సీసా బ్రిటిష్ సామ్రాజ్యమంతా పాకి, మన ఊళ్ళకూ చేరింది. జపానులో ఇదే తరహా సీసాలో రామునే అనే తీపి పానీయాన్ని ఇప్పటికీ అమ్ముతున్నారు.

సీసా పనితనం

మూతి లోపలి గాడిలో రబ్బరు వాషరు ఉంటుంది. మెడ దగ్గర గాజును లోపలికి నొక్కి సన్నం చేస్తారు, దాంతో గోలీ అడుక్కి జారదు. ఆ పైన ఒక పక్క రెండు నొక్కులుంటాయి. ఆ పక్కకు వంచి తాగితే గోలీ వాటి వెనక ఆగుతుంది. తిరగేసి వంచితే దొర్లుకుంటూ వచ్చి మూతికి అడ్డం పడుతుంది. కొత్తగా తాగేవాళ్ళు తప్పకుండా చేసే పొరపాటిదే.

నింపడం ఇంకా చూడముచ్చటగా ఉంటుంది. నీళ్ళు కొంచెం వెలితిగా పోసిన సీసాను, గ్యాస్ సిలిండరు గొట్టం తగిలించిన ఇనుప పెట్టెలో బిగించి, పిడి పట్టుకుని గిరగిరా తిప్పుతారు. ఆ తిప్పుడుకు వాయువు నీళ్ళలో కలుస్తుంది. సీసా తలకిందులైనప్పుడు గోలీ మూతిలోకి జారుతుంది, లోపలి ఒత్తిడి దాన్ని వాషరుకు అదిమిపెడుతుంది. తాగేటప్పుడు గోలీని లోపలికి నొక్కితే కీచుమని గాలి బయటికొస్తుంది. అందుకే తాగేవాడు సోడా ఇవ్వమనడు, “ఓ సోడా కొట్టు” అంటాడు.

మిగిలిందెందుకు?

1892లో అమెరికాలో విలియం పెయింటర్ పేటెంటు పొందిన రేకు మూత, గోలీ సీసాను దాని పుట్టింట్లోనే వెనక్కి నెట్టింది. మన దగ్గర మాత్రం అది చాలాకాలం నిలిచింది. ఇందుకు రుచి కన్నా పెట్టుబడే పెద్ద కారణమనిపిస్తుంది. రేకు మూత సీసాకు ప్రతిసారీ కొత్త మూత కావాలి, బిగించే యంత్రమూ కావాలి. గోలీ సీసాలో మూత సీసాతోపాటే వస్తుంది. నాలుగు డజన్ల సీసాలు, ఒక తిప్పుడు పెట్టె, ఒక సిలిండరు ఉంటే బండివాడే ఫ్యాక్టరీ. సీసాను మాత్రం తాగిన చోటే తిరిగి ఇచ్చేయాలి. గోలీ కోసం పిల్లలు సీసాలు పగలగొట్టడం ఇంగ్లండులోనూ ఉండేది, ఇక్కడి పిల్లలూ తక్కువేం తినలేదు.

పెళ్ళిభోజనం అరక్కపోతే ఉప్పు సోడా, ఎండకు నిమ్మ సోడా, రాయలసీమలో నన్నారి షర్బత్తులోకి సోడా. మందపు కళ్ళజోడు సోడాబుడ్డి కళ్ళద్దాలైంది. వీధి కొట్లాటల్లోనూ, సినిమా ఫైట్లలోనూ ఇవే సీసాలు గాల్లోకి లేచేవి.

దెబ్బ తీసింది శుభ్రత. గోలీ బయటికి రాదు, బ్రష్షు లోపలికి సరిగ్గా పోదు. పోసే నీళ్ళు ఎక్కడివన్న అనుమానం ఎటూ ఉండేది. 1993లో కోకకోలా దేశానికి తిరిగి వచ్చాక, ఆపైన ప్లాస్టిక్ సీసాలు పెరిగాక, బండ్లు పలచబడ్డాయి. ఇటీవల కొత్త కంపెనీలు ఫ్యాక్టరీలో నింపిన గోలీ సోడాను బ్లూబెర్రీ లాంటి రుచులతోనూ అమ్ముతున్నాయి. 2025లో కేంద్ర ప్రభుత్వ ఎగుమతుల సంస్థ అపెడా తోడ్పాటుతో ఇది ‘గోలీ పాప్ సోడా’ పేరుతో గల్ఫ్ సూపర్‌మార్కెట్లకు వెళ్ళింది.