ఎంజీబీ టాకోమీటర్ వైర్లు: ప్రతిపదార్థం, తాత్పర్యం

1960ల నడిమి నాటి బ్రిటిష్ ఎంజీబీ కారు డాష్‌బోర్డు నుంచి స్మిత్స్ టాకోమీటరును బయటికి లాగితే, వెనక కనిపించేవి అయిదారు వైర్లే. రంగులు చూసి ఎవరైనా కలిపేయవచ్చనిపిస్తుంది. కానీ ప్రతి వైరుకూ ఒక పని ఉంది. ఆ పని తెలియకుండా రంగు తెలిసి లాభం లేదు. అందుకే ఒక్కో పదానికి అర్థం చెప్పుకుందాం.

టాకోమీటర్: ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు. స్పీడోమీటర్ వేరు. అది కారు వేగం చెబుతుంది, ఇది క్రాంక్ షాఫ్ట్ వేగం చెబుతుంది. అయితే ఈ ఎలక్ట్రానిక్ టాకోమీటర్ చుట్లను నేరుగా లెక్కపెట్టదు, స్పార్కులను లెక్కపెడుతుంది.

స్పార్కు లెక్క: ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక సిలిండరుకు రెండు చుట్లకోసారి స్పార్కు పడుతుంది. ఎంజీబీకి నాలుగు సిలిండర్లు, అంటే చుట్టుకు రెండు స్పార్కులు. 3000 చుట్ల వేగంలో నిమిషానికి 6000, అనగా సెకనుకు 100. ఆరు సిలిండర్ల కారు మీటరు తెచ్చి ఇందులో బిగిస్తే అది చుట్టుకు మూడు స్పార్కులుంటాయనుకుని 3000ని 2000గా చూపుతుంది. అది వైరింగ్ దోషం కాదు, మీటరు ఎంపికలో దోషం.

ఆర్‌వీఐ, ఆర్‌వీసీ: డయల్ అడుగున సన్నని అక్షరాల్లో ఉండే కోడ్ ఇది. వైర్లు ముట్టుకునే ముందు చదవాల్సింది దీన్నే. ఆర్‌వీఐ ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లే కరెంటు ప్రవాహాన్ని పసిగడుతుంది. ఆర్‌వీసీ కాయిల్ కొసన వోల్టేజి హెచ్చుతగ్గులను పసిగడుతుంది. ఎంజీబీలో 1970ల ఆరంభం దాకా మొదటిది, ఆ తర్వాత రెండోది. ఒకదాని వైరింగ్ రెండోదానికి పనికిరాదు.

తెల్ల వైరు: లూకాస్ కంపెనీ రంగుల పద్ధతిలో తెలుపు అంటే ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చే, ఫ్యూజు లేని సప్లై. పాత ఆర్‌వీఐలో ఈ వైరు మీటరు వెనకున్న ప్లాస్టిక్ దిమ్మె చుట్టూ మెలిక తిరిగి, ఉక్కు పట్టీ కింద ఇమిడి, అక్కడి నుంచి కాయిల్‌కు పోతుంది. మెలిక దగ్గర దానికి కోత లేదు, జాయింటు లేదు. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడిపోయిన ప్రతిసారీ అందులో కరెంటు ఠక్కున ఆగుతుంది. ఆ మార్పునే మీటరు ఒక్కో పల్స్‌గా పట్టుకుంటుంది. మెలిక దిశ తిరగబడితే మీటరు సరిగా పనిచేయదు. తర్వాతి ఆర్‌వీఐలలో మెలిక లోపలికి వెళ్లి, బయట రెండు కనెక్టర్లు వచ్చాయి. తారుమారు కాకుండా ఒకటి మేల్, ఒకటి ఫీమేల్.

ఆకుపచ్చ వైరు: ఇదీ ఇగ్నిషన్ సప్లైయే, కానీ ఫ్యూజు దాటి వచ్చింది. మీటరులోని సర్క్యూటు నడిచేది దీనితో.

శంక: తెలుపులోనూ పచ్చలోనూ తాళం తిప్పితే 12 వోల్టులే చూపిస్తుంది కదా, తేడా ఏమిటి? సమాధానం: వోల్టుమీటరుకు తేడా లేదు, పనిలో ఉంది. పచ్చ వైరు ఊడితే మీటరు ఆగుతుంది. ఆర్‌వీఐలో తెల్ల వైరు తెగితే ఇంజనే ఆగుతుంది. పైగా ఫ్యూజు లేని తెలుపు బాడీకి తగిలితే వైర్ల కట్ట కాలే ప్రమాదముంది.

తెలుపు మీద నల్ల చార: కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరుకు వెళ్లే వైరు. ఆర్‌వీసీకి సిగ్నల్ ఇక్కడినుంచే. ఇది మీటరు దగ్గర ఊడినా ఇంజన్ నడుస్తుంది, బాడీకి తగిలితే మాత్రం ఆగుతుంది. ఎందుకంటే పాయింట్లు ఎప్పుడూ మూసుకునే ఉన్నట్టవుతుంది.

ఎరుపు మీద తెల్ల చార: డయల్ బల్బుకు. లెక్కతో దీనికి సంబంధం లేదు.

నలుపు: ఎర్త్. అంటే కరెంటు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి చేరే దారి.

పాజిటివ్ ఎర్త్: అన్ని చిక్కులకూ మూలం ఇదే. 1967 దాకా ఎంజీబీలో బ్యాటరీ ప్లస్ కొసను బాడీకి కలిపేవారు, 1968 మోడల్ నుంచి మైనస్‌ను. అప్పటి కాయిల్ మీద ప్లస్, మైనస్ బదులు ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉండేది, అంటే స్విచ్ వైపు, కాంటాక్ట్ బ్రేకర్ (పాయింట్ల) వైపు. ఎర్త్ మారితే ఈ పేర్లు మారవు, ప్లస్ మైనస్‌లు మారతాయి. పాత కారును నెగటివ్ ఎర్త్‌కు మార్చేవారు మీటరు లోపలి సప్లై వైర్లను, మెలిక దిశను కూడా తిరగేయాలి. బ్యాటరీ కొసలు మార్చి ఊరుకుంటే లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.

తాత్పర్యం: సప్లై ఒకటి, ఎర్త్ ఒకటి, సిగ్నల్ ఒకటి, దీపం ఒకటి. నాలుగే పనులు. డయల్ మీద కోడ్ చదవండి, కారు ఏ ఎర్త్‌దో తేల్చుకోండి, బ్యాటరీ ఊడదీయండి, ఆ తర్వాతే వైరు పట్టుకోండి. ఈ వరుస తప్పనివారికి మీటరు కాలదు.